డ్రోసోఫిలా వంశాలకు శాశ్వత నిలయం

పండు ఈగ అనగానే మన విస్తరణ శాస్త్రవేత్తలకు మామిడి తోటలు, మిథైల్ యూజినాల్ ఎరలు జ్ఞప్తికి రావడం సహజం. అది బాక్ట్రోసెరా. ప్రయోగశాలలో పెంచే డ్రోసోఫిలా వేరొక కుటుంబానికి చెందినది. మగ్గిన అరటిపండు చుట్టూ మూగే చిన్న ఈగ అదే. ఈ వ్యాసం దానిని గురించినది.

1910లో మోర్గాన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తెల్లకళ్ల మగ ఈగను గుర్తించిన నాటి నుండి ఈ శాస్త్రం ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే పెరిగింది. ఆయన బృందం తమ వంశాలను ఇతర ప్రయోగశాలలకు ఉదారంగా పంపేది. నేడు అమెరికాలోని బ్లూమింగ్టన్ కేంద్రం 70,000కు పైగా వంశాలను పోషిస్తున్నది.

వ్యవసాయానికి దీనితో సంబంధమేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. డీల్డ్రిన్ మందును తట్టుకొన్న డ్రోసోఫిలా ఈగలలోనే 1990ల ఆరంభంలో ఆర్‌డీఎల్ అనే జన్యువును వేరుచేశారు. అది నిర్మించే గాబా గ్రాహకమే వరిలో మనం సిఫారసు చేసే ఫిప్రోనిల్‌కు లక్ష్యం. ఆ గ్రాహకంలోని అదే ఎమినో ఆమ్లపు మార్పు తరువాత తెల్లదోమలోనూ కనిపించింది. నిరోధక శక్తి గల ఆ వంశం సజీవంగా ఉండబట్టే ఈ పరిశోధన సాధ్యమైంది.

వరి విత్తనాన్ని తగిన తేమశాతానికి ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచితే దశాబ్దాలు నిలుస్తుంది. ఈగకు ఆ సౌలభ్యం లేదు. పిండాలను ద్రవ నత్రజనిలో భద్రపరచే పద్ధతులున్నా, అవి వేల వంశాలకు నిత్యం వాడేంత సులువైనవి కావు. మొక్కజొన్న పిండి, ఈస్టు, చక్కెర, అగార్ కలిపి వండిన ఆహారం గల కొత్త సీసాలోకి ఈగలను కొద్ది వారాలకొకసారి మార్చవలసిందే. 5,000 వంశాలను రెండేసి సీసాల చొప్పున, మూడు వారాలకొకసారి మార్చాలంటే, ఆదివారాలు కూడా కలుపుకొని రోజుకు దాదాపు 480 సీసాలు. బూజు, నల్లులు, వంశాల కలగలుపు మీద కన్నేసి ఉంచడం ఇందుకు అదనం. ఈ పని చేసే సాంకేతిక సిబ్బంది పేరు పరిశోధన పత్రాలపై అరుదుగా కనిపిస్తుంది.

మన దేశంలో ఈ వసతి లేకపోలేదు. మైసూరు విశ్వవిద్యాలయంలో స్టాక్ సెంటర్ ఉన్నది. బెంగళూరులో సీ-క్యాంప్ వారి ఫ్లై ఫెసిలిటీ ఉన్నది. అయితే దేశంలో అనేక వంశాలు ఇంకా ఆయా ఆచార్యుల గదులలోనే, మూడేళ్ల ప్రాజెక్టు నిధులపై బతుకుతున్నవి. ప్రాజెక్టు ముగిసి పరిశోధక విద్యార్థి వెళ్లిపోతే సీసాలు ఎండిపోతాయి. పత్రం మిగులుతుంది, దానిని సరిచూడడానికి ఈగ మిగలదు.

విదేశాల నుండి తెప్పించుకోవచ్చు కదా అనేవారు అనుమతి పత్రాల జాప్యాన్ని, మే నెల ఎండలో ఆగిపోయిన పార్సెల్‌ను లెక్కలోకి తీసుకోవడం లేదు. జన్యు సవరణతో మళ్లీ సృష్టించవచ్చుననే వాదం కొన్ని ఉత్పరివర్తనాలకే వర్తిస్తుంది. పొలాల, అడవుల నుండి సేకరించిన వంశాలకు వర్తించదు. ఇక వాడుకరుల రుసుముతోనే కేంద్రాన్ని నడపమంటే ముందుగా దూరమయ్యేది రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిని మూడేళ్ల ప్రాజెక్టుగా ఎవరూ భావించరు. ఈగల నిలయాలకూ అదే స్థాయి కావాలి: శాశ్వత సాంకేతిక పోస్టులు, ఏటా ఖచ్చితమైన కేటాయింపు, ప్రతి ముఖ్య వంశానికి మరొక నగరంలో జంట సీసా. ప్రభుత్వ నిధులతో తయారైన వంశాన్ని కేంద్రానికి అప్పగించిన రశీదు జతపరచిన తరువాతనే ప్రాజెక్టు తుది నివేదికను స్వీకరించాలి.