పొలముల క్రింది రాజధాని

జపానుదేశమందలి నారా పట్టణమునకు బోవువారు తోదాయిజీ ఆలయమునందలి మహాబుద్ధ విగ్రహమును తప్పక దర్శింతురు. 752లో ఆ విగ్రహమునకు నేత్రోన్మీలన మొనర్చినవాడు భారతీయ శ్రమణుడగు బోధిసేనుడు. కాని ఆతడు 736లో వచ్చి చేరిన రాజధాని యేమైనదని విచారించువారు కొలదిమంది. 710లో వెలసిన ఆ హేయిజో నగరమును 784లో ప్రభువులు విడిచిపోగా, రాజప్రాసాదము నేలమట్టమై వరిపొలములలో కలిసిపోయినది.

ఆ స్థలమును కాపాడుటకై పాటుపడినవారిలో అగ్రగణ్యుడు రాజు గాడు, మంత్రి గాడు. తనాదా కాజూరో యను తోటమాలి. ఆతడు తన సొమ్మును, కాలమును దీనికే ధారవోసెను. 1922లో అది ప్రభుత్వ రక్షణలోనికి వచ్చునాటికి ఆతడు జీవించి లేడు. రక్షణకు వెలుపల మిగిలిన భాగమున 1960 దశాబ్దారంభమున రైలుబండ్ల షెడ్డు కట్టబూనగా ప్రజలు గట్టిగా ప్రతిఘటించిరి. తుదకు ప్రభుత్వమే ఆ భూమిని కొనవలసి వచ్చినది.

ఆ ప్రతిఘటనము వ్యర్థము గాలేదు. 1961 మొదలుకొని ఆ మట్టిలో వ్రాతలుగల చెక్కపలకలు వేలకొలది బయల్పడినవి. ఏ గ్రామమునుండి ఎవరు ఎంత ఉప్పు, ఎంత బియ్యము పన్నుగా బంపిరో అవి చెప్పుచున్నవి. రాజచరిత్రల కెక్కని రైతుపేరు అందు నిలిచియున్నది! వరిమడుల క్రింది నీటిలో నానియుండుటచేతనే ఆ చెక్క చివుకలేదు. నీరింకినచో ఇంకను త్రవ్వని పలకలు నశించును. కావున నిచ్చట రక్షణ మనగా కంచెవేయుట మాత్రమే కాదు. నేలలోని తేమను గూడ కాపాడుట.

2010లో అచ్చట ప్రాచీన సభామందిరమును మరల నిర్మించిరి. అది చూడముచ్చటగనే యున్నది. అయినను పూర్వమందిరపు చిత్తరువేదియు నిలిచియుండలేదు గనుక, పునాదిపై భాగమంతయు పండితుల యూహకు రూపమే. యాత్రికుల నాకర్షించు హర్మ్యములకు వెచ్చించు శ్రద్ధ, కంటికి గనబడని పలకలయెడ కొరవడరాదని మా దృఢాభిప్రాయము. హర్మ్యమును మరల కట్టవచ్చును. చివికిన పలకను మరల వ్రాయువా రెవ్వరు?

నేటికిని రైలుమార్గము ఆ ప్రాసాదభూమి నడుమనుండియే పోవుచున్నది. ఒక తరము అజాగ్రత్తతో జేసినదానిని సవరించుటకు పెక్కుతరములు పట్టునని ఆ పట్టాలే చాటుచున్నవి. చరిత్రను కాపాడుట ప్రభుత్వముల పనియని ఊరకుండువారు ఆ తోటమాలిని తలచుకొందురు గాక! చట్టము వెనుక వచ్చినది. ఆతడు ముందు నడచెను.