శారద నీళ్లతో గానుగా?

సంపాదకులకు,

అనకాపల్లి బెల్లం గానుగలు ఒకప్పుడు శారదా నది కాలువల మీద నీటి చక్రాలతో తిరిగేవని మీ వ్యాసకర్త రాశారు. ఏ నెలలో తిరిగేవో కూడా చెప్పాల్సింది. శారద వానల నది. చెరకు ఆడేది సంక్రాంతికి అటూ ఇటూ మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా. అప్పటికి ఏట్లో కనిపించేది చాలా మటుకు ఇసుకే. ఏడాది పొడవునా వాగులు పారే గఢ్వాల్ కొండల్లో నీటి తిరగలి కుదిరింది, దాన్ని అక్కడ ఘరాట్ అంటారు. పైగా గోధుమలు నీళ్లొచ్చేదాకా ఆగుతాయి. కోసిన చెరకు ఆగదు, రసం పులుస్తుంది.

ఇక్కడ గానుగ తిప్పినవి ఎడ్లు. చెక్క గానుగ పోయి ఇనప రోలర్లు వచ్చాక కూడా వాటినే కట్టారు. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు ఆ తరవాతి మాట. 1913 నుంచీ చెరకు పరిశోధనా కేంద్రం అనకాపల్లిలోనే ఉంది. రాసేముందు అక్కడ అడిగినా చెప్పేవారు.

— ఓ చెరకు రైతు, కశింకోట