మామునూరు రైతుల బాకీ

వరంగల్‌కు విమానం వస్తుందన్న హామీని ఓరుగల్లు జనం ఏళ్ల తరబడి వింటూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు విమానాశ్రయ అభివృద్ధికి అనుమతి ఇవ్వడంతో ఆ హామీకి ఆధారం దొరికింది. సంతోషించాల్సిన విషయమే. కానీ ఒకప్పుడు 1,875 ఎకరాల్లో వెలసిన విమానాశ్రయానికి ఇప్పుడు రైతుల నుంచి మరో 253 ఎకరాలు ఎందుకు తీసుకోవాల్సి వస్తోంది?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1930లో మామునూరులో రన్‌వే సిద్ధమైంది. వరంగల్ ఆజంజాహీ మిల్లుకు, కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వచ్చిపోయేవారికి అది అక్కరకొచ్చింది. చైనాతో యుద్ధ సమయంలో ప్రభుత్వ విమానాలను ఇక్కడే నిలిపారు. 1980ల తొలినాళ్లకు రాకపోకలు ఆగిపోయాయి.

రాకపోకలు లేని నేల మీద అందరి కన్నూ పడింది. పోలీసు శిక్షణ కళాశాల, పోలీసు నాలుగో బెటాలియన్, డెయిరీ ఫాం... ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. అన్నీ ప్రభుత్వ అవసరాలే, కాదనలేం. అయితే విమానాశ్రయానికి మిగిలింది 696 ఎకరాలే.

ఆ తర్వాత ఒప్పందం అడ్డుపడింది. 2004లో శంషాబాద్ విమానాశ్రయం కోసం జీఎంఆర్ సంస్థతో కేంద్రం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, అది ప్రారంభమయ్యాక 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయానికి వీల్లేదు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది. అంటే 2033 దాకా వరంగల్ ఎదురుచూడాలన్నమాట. ఎక్కడో రాసుకున్న షరతు ఇక్కడి చదువులకు, టెక్స్‌టైల్ పార్కుకు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప ఆలయానికి అడ్డుగోడైంది. జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాకే దారి తెరుచుకుంది. అదీ మామునూరుకే పరిమితమైన మినహాయింపు.

సర్కారు నేల తరిగినందుకు, ఒప్పందం కాలయాపన చేసినందుకు మూల్యం చెల్లిస్తున్నది నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులు. భూసేకరణకు రాష్ట్రం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పరిహారం సరిపోదంటూ రైతులు రోడ్డెక్కినప్పుడు వారిని అభివృద్ధికి అడ్డు అనడం అన్యాయం. పొలం పోయిన రైతుకు అదే డబ్బుతో పక్క ఊళ్లో అంతే పొలం దొరకాలి. రేట్లు చూస్తూండగానే పెరిగే చోట అది తేలిక కాదు.

మరో జాగ్రత్త కూడా అవసరం. రాయితీలతో చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. రాయితీలు, కొత్త టెర్మినల్ ఉన్నంత మాత్రాన సర్వీసులు నిలబడవు.

కాబట్టి మామునూరులో భూమిపూజ కన్నా ముందు జరగాల్సిన పనులున్నాయి. ఆ 1,875 ఎకరాల్లో ఏ ఎకరం ఎవరి చేతిలో ఉందో ప్రభుత్వం శ్వేతపత్రం ఇవ్వాలి. వాడకుండా మిగిలిన జాగా ఉంటే తొలుత దాన్నే తీసుకోవాలి. రైతులకు పూర్తి పరిహారం ఖాతాల్లో పడ్డాకే పొలాల్లోకి యంత్రాలు దిగాలి. రన్‌వే విస్తరణతో తెగిపోయే ఊళ్ల దారులకు ముందే ప్రత్యామ్నాయం వేయాలి. ఆదిలాబాద్, కొత్తగూడెం వంటి చోట్ల విమానాశ్రయాలు తలపెట్టినప్పుడూ ఇవే నియమాలు వర్తించాలి.