ఆలివ్ నూనె సీసా కొనకముందు: మధ్యధరా భోజనం గురించి తెలుగు ప్రజలకు ఒక విన్నపం

మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న గ్రీసు, ఇటలీ, స్పెయిన్, మొరాకో వంటి దేశాల పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాకా సాగిన తిండి పద్ధతిని, గుండెకు మేలుచేసే ఆహారాల్లో ముందు వరుసలోనిదిగా వైద్యశాస్త్రం గుర్తించింది. అయితే ఆ పేరు తెలుగు నగరాల అంగళ్లకు చేరేసరికి పద్ధతి అంతా వెనుకబడి, ఒక ఖరీదైన నూనె సీసా మాత్రమే మిగిలింది. పప్పుధాన్యాలు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యం రోజూ విస్తరిలో ప్రధానంగా ఉండి, మాంసమూ తీపీ అరుదుగా వచ్చే అమరిక వల్లనే అక్కడి ప్రజలకు ఆరోగ్యం దక్కిందనీ, ఆ అమరికను ఇళ్లలోనూ, అంతకంటే ముఖ్యంగా ప్రభుత్వ బడుల వంటశాలల్లోనూ నిలబెట్టుకోవాలనీ ఈ కరపత్రం వాదిస్తుంది.

ఈ అమరిక అసలు రూపం గ్రీసుకు చెందిన క్రీట్ దీవిలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో చితికిపోయిన ఆ దీవి జీవన స్థితిగతులను పరిశీలించమని గ్రీసు ప్రభుత్వం కోరగా, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1948లో ఇంటింటి సర్వే చేయించింది. దాని ఫలితాలను లేలండ్ ఆల్బా 1953లో గ్రంథంగా వెలువరించారు. అందులో కనిపించే భోజనం చాలా సాదాసీదాది. బార్లీ పిండితో రొట్టె చేసి, ముక్కలు కోసి, రెండోసారి కాల్చి నెలల తరబడి నిలవ ఉంచుకునే పాక్సిమాది అనే గట్టి రొట్టెను నీళ్లలో తడిపి, దానిమీద ఆలివ్ నూనె పోసుకుని తినేవారు. శనగలు, మసూరు పప్పు, బాకలా చిక్కుళ్లు ఉడికించుకునేవారు. పొలంగట్ల మీదా కొండవాలుల్లోనూ ఏరుకొచ్చిన హోర్తా అనే అడవి ఆకుకూరలను ఉడకబెట్టి, నూనె, నిమ్మరసం కలుపుకునేవారు. భోజనం చివర తీపికి బదులు ఆ ఋతువులో దొరికే పండు ఉండేది. మాంసం పండుగలకూ పెళ్లిళ్లకూ పరిమితమయ్యేది. ఆర్థొడాక్స్ క్రైస్తవ సంప్రదాయాన్ని నిష్ఠగా పాటించేవారికి ఏడాదిలో సుమారు 180 రోజులు ఉపవాస దినాలే కాగా, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధం కనుక పప్పులూ కూరలే ఆధారమయ్యేవి.

ఆ సర్వేలో ఆలోచింపజేసే మరో సంగతి ఉంది. తమ భోజనం తృప్తిగా ఉందని చెప్పినవి ఆరు కుటుంబాల్లో ఒకటి మాత్రమే. తక్కినవారిలో అత్యధికులు కోరుకున్నది మాంసం. కాబట్టి నేడు ప్రపంచం కీర్తిస్తున్న ఆ భోజనాన్ని క్రీట్ రైతు ఇష్టపడి ఎంచుకోలేదు. పేదరికమే దాన్ని అతని ముందు పెట్టింది. పేదరికాన్ని పొగడటం అన్యాయం. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన మరుక్షణం అటువంటి భోజనం జారిపోతుంది గనుక, దాని విలువ తెలిసి పట్టుకుంటే తప్ప అది నిలవదన్న వాస్తవాన్ని మాత్రం గుర్తించక తప్పదు.

ఆ విలువను లెక్కలతో చూపడానికి ప్రయత్నించినవారిలో ప్రముఖుడు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్సెల్ కీస్. 1958లో ఆయన ఆరంభించిన ఏడు దేశాల అధ్యయనం అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాన్ దేశాల్లో 40 నుంచి 59 ఏళ్ల వయసున్న 12,763 మంది పురుషులను ఏళ్ల తరబడి గమనించింది. గుండె రక్తనాళాల జబ్బుతో మరణాలు తూర్పు ఫిన్లాండ్‌లో అత్యధికంగా, క్రీట్‌లో అత్యల్పంగా నమోదయ్యాయి. క్రీట్ వాసులు తమకు అందే శక్తిలో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే పొందుతున్నారు. ఫిన్లాండ్ వాసులు తినే కొవ్వు పరిమాణమూ దానికి దగ్గరగానే ఉంది. తేడా అల్లా కొవ్వు రకంలో ఉంది: ఒకచోట అది వెన్న, పాలమీగడ, మాంసం కొవ్వు, మరోచోట ఆలివ్ నూనె. దేశాల ఎంపిక మీదా, తిండిని కొలిచిన తీరు మీదా తరువాతి పరిశోధకులు లేవనెత్తిన ఆక్షేపణల్లో కొన్ని న్యాయమైనవే. అందుకే ఈ వాదం ఆ ఒక్క అధ్యయనం మీదే ఆధారపడటం లేదు.

ఫ్రాన్సులోని లియోన్‌లో ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన 605 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు క్రీట్ తరహా భోజనాన్ని సూచించి పరిశీలించగా, ఆ జట్టులో మళ్లీ గుండెపోటు, గుండెజబ్బు మరణాలు సగానికి పైగా తగ్గినట్టు 1999లో వెలువడిన తుది నివేదిక తెలిపింది. ఫ్రెంచి రోగులు ఆలివ్ నూనె ఒక్కదానితోనే సరిపెట్టుకోరని భావించి, పరిశోధకులు వారికి ఆవజాతి గింజల నూనెతో చేసిన మార్గరీన్ ఇచ్చారు. అంటే అక్కడ ఫలితం ఇచ్చిన భోజనంలో ఆలివ్ నూనె ఏకైక ఆధారం కాదు. నూనె సీసా మీదే నమ్మకం పెట్టుకున్నవారు ఈ సంగతి తప్పక గమనించాలి.

స్పెయిన్‌లో 7,447 మందిపై జరిగిన ప్రెడిమెడ్ పరిశోధన దీనికంటే పెద్దది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 55 నుంచి 80 ఏళ్లవారిని తీసుకుని, మధ్యధరా భోజనంతోపాటు ఒక జట్టుకు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను, అంటే రసాయనాలు వాడకుండా కేవలం పిండి తీసి, ఆమ్లత 0.8 శాతం దాటని నూనెను ఇచ్చారు. రెండో జట్టుకు రోజుకు 30 గ్రాముల వాల్‌నట్, బాదం, హేజల్‌నట్ గింజలు ఇచ్చారు. మూడో జట్టుకు కొవ్వు తగ్గించుకోమని సలహా చెప్పారు. మొదటి రెండు జట్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తగ్గాయనీ, ముఖ్యంగా పక్షవాతం తగ్గిందనీ 2013లో ప్రకటించారు. జట్ల విభజనలో లోపాలు బయటపడటంతో 2018లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు తిరిగి కట్టి మళ్లీ ప్రచురించారు; ఫలితం దాదాపు అలాగే నిలిచింది. స్పెయిన్‌లోనే కొర్దోబాలో ఇదివరకే గుండెజబ్బు ఉన్న 1,002 మందిపై ఏడేళ్లు జరిపిన మరో పరిశోధన కూడా తక్కువ కొవ్వు భోజనం కంటే మధ్యధరా భోజనమే మేలని 2022లో తేల్చింది. భారతదేశంలో జరిగిందంటూ 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇటువంటి పరిశోధన విషయంలో మాత్రం ఆ పత్రికే 2005లో సందేహం ప్రకటించింది కనుక, దాన్ని సాక్ష్యంగా చూపడం తగదు.

ఈ మేలు జరిగే విధానం చాలావరకు తెలిసినదే. గది వేడిమిలో గడ్డకట్టే స్వభావం గల సంతృప్త కొవ్వు, రక్తనాళాల గోడల్లో పేరుకునే ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. దాని స్థానంలో ఆలివ్ నూనెలోని ఓలియిక్ ఆమ్లం వంటి అసంతృప్త కొవ్వు వచ్చినప్పుడు ఆ కొలెస్టరాల్ తగ్గుతుంది. పప్పుల్లోనూ ముడిధాన్యంలోనూ ఉండే పీచు చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఇక శరీరం సొంతంగా తయారుచేసుకోలేని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల్లో ఒకటి ఆకుకూరల్లోనూ కొంత దొరుకుతుంది.

ఇక్కడే తెలుగు పాఠకులకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. క్రీట్ స్త్రీలు వేసవిలో ఏరుకొచ్చి, టమాటా, ఉల్లిపాయలతో పచ్చిగానే కలుపుకునే గ్లిస్ట్రిద అనే మొక్క, తెలంగాణలో గంగవాయిలి అనీ, ఆంధ్రలో గంగపాయల అనీ పిలిచే కూరే. నేలబారుగా పాకే ఎర్రటి కాడ, దళసరిగా నున్నగా ఉండే చిన్న ఆకు, నోట్లో తగిలే పులుపు, జిగురు రెండుచోట్లా ఒకటే. ఆకుకూరల్లో ఒమేగా-3 ఎక్కువగా ఉన్నది ఇందులోనేనని 1986లో ఆర్టెమిస్ సిమోపౌలస్ అనే శాస్త్రవేత్త చూపారు. ఈ కూరను కలుపు మొక్కగా పీకి గట్టు మీద పారేస్తున్న రైతు, నగరంలోని కొడుకు ఇంటికి వెళ్లి అక్కడ దిగుమతి నూనె సీసాను ఆరోగ్య చిహ్నంగా చూడవలసిరావడం విచారకరం. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు మాత్రం ఇందులోని ఆక్సలేట్ల దృష్ట్యా వైద్యుణ్ణి అడిగి తినాలి.

మధ్యధరా దేశాలు తమ సంపదను కాపాడుకోలేకపోయిన తీరు అందరికీ హెచ్చరిక. స్పెయిన్, గ్రీసు, ఇటలీ, మొరాకోల విన్నపం మీద 2010లో యునెస్కో ఈ భోజన పద్ధతిని మానవజాతి అగోచర సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2013లో సైప్రస్, క్రొయేషియా, పోర్చుగల్ కూడా చేరాయి. అదే దశాబ్దంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ దేశాల పిల్లలను తూచి చూడగా, స్థూలకాయం అత్యధికంగా ఉన్న దేశాల్లో సైప్రస్, గ్రీసు, ఇటలీ, స్పెయిన్ నిలిచాయి. అక్కడి మగపిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు స్థూలకాయులు. తాతలు బార్లీ రొట్టె తిన్న ఇళ్లలో మనవలు తీపి పానీయాలకూ పొట్లాల తిండికీ అలవాటుపడ్డారు. వారసత్వ పట్టికలో పేరు చేరినంత మాత్రాన పిల్లల కంచంలోకి పప్పు రాదు.

తెలుగు నేల మీద కూడా ఇదే జారుడు మొదలైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు దేశంలోని రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అంచనా వేశాయి. శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదనీ, పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనీ చెప్పాయి. తెల్లన్నం కుప్పగా పోసి, దాని పక్కన కాసింత కూర వేసుకునే విస్తరికీ ఈ సూచనకూ ఎంత దూరముందో ఎవరికి వారు చూసుకోవచ్చు. అన్నం తగ్గి పప్పు చిక్కబడాలి. జొన్న, రాగి, కొర్ర వారంలో కొన్ని రోజులైనా తిరిగి రావాలి. రోజూ ఒక ఆకుకూర, గుప్పెడు పల్లీలో నువ్వులో ఉండాలి. నూనె సంగతికొస్తే, సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వున్న పామాయిల్ బదులు, ఓలియిక్ ఆమ్లం బాగా ఉన్న వేరుశనగ నూనె, నువ్వుల నూనె మితంగా వాడుకుంటే చాలు. ఊరగాయలోని ఉప్పు విషయంలో తెలుగు వంట తనను తాను సరిదిద్దుకోవాలి. మధ్యధరా భోజనం పేరు చెప్పి వైన్ తాగడం మొదలుపెట్టనవసరం లేదు. మద్యానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

ఇంటి మార్పు ఇంటివారి చేతిలో ఉంది. బడి మార్పు ప్రభుత్వం చేతిలో ఉంది. మధ్యాహ్న భోజన పథకం కింద ప్రాథమిక తరగతుల పిల్లల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు నిర్ణయించారు. ధాన్యానికీ పప్పుకూ మధ్య ఐదింతల తేడా ఉన్న ఈ కొలత ఆకలి తీర్చడానికి ఉద్దేశించినది. జీవితకాలపు ఆరోగ్యానికి పునాది వేయడానికి ఇది చాలదు. పప్పు కొలతను 30 గ్రాములకు పెంచి ఆ అదనపు ఖర్చును రెండు తెలుగు రాష్ట్రాలు భరించాలనీ, వారానికి మూడు రోజులైనా ఆకుకూర పప్పు వండాలనీ, దానికి కావలసిన ఆకుకూరలను ఆ ఊరి రైతుల వద్దా మహిళా సంఘాల వద్దా నేరుగా కొని వారంలోగా డబ్బు చెల్లించాలనీ, గురుకులాల్లోనూ వసతి గృహాల్లోనూ వారానికి రెండు పూటలు చిరుధాన్యాలు పెట్టాలనీ, బడి ప్రాంగణంలో తీపి పానీయాల అమ్మకం నిషేధించాలనీ ఈ కరపత్రం కోరుతోంది. ఈ ఐదు కోర్కెలను ప్రతి ఊరి పాఠశాల కమిటీలోనూ, రాబోయే గ్రామసభలోనూ తీర్మానంగా ప్రవేశపెట్టి, సంతకాలతో మండల విద్యాధికారికి అందజేయవలసిందిగా తల్లిదండ్రులకు విన్నపం.