వెనక సీటు కుదుపులు

మీవారి బండి మీద ఊరెళ్లి దిగేసరికి నడుం పట్టేస్తోందా? తప్పంతా రోడ్డుదే కాదు సుమండీ! వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జార్బర్ల స్ప్రింగు దగ్గర మెట్లున్న రింగు ఉంటుంది. చాలా బళ్లకు 5 మెట్లు. ఒక్కరికైతే కింది మెట్టు చాలు. మీరూ, మీ సంచులూ ఎక్కితే వెనక భాగం కుంగి, గతుకు రాగానే దెబ్బ నేరుగా వెన్నుకే! రాత్రిళ్లు హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టేదీ అందుకే. బయల్దేరేముందు స్పానరుతో ఒకటి రెండు మెట్లు పెంచమనండి, రెండు వైపులా సమానంగా. ఆఖరి మెట్టులోనూ దభీమని తగులుతుంటే స్ప్రింగు చాలట్లేదన్నమాట. ఇంకాస్త గట్టి స్ప్రింగులున్న షాకబ్జార్బర్లు జతగా వేయించాలి. నూనె కారుతున్నా అంతే. తిరిగొచ్చాక మెట్టు దించమని మీరే గుర్తుచేయండి. లేకపోతే ఆయన ఒక్కరూ వెళ్లేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది.