చేపల తొట్టెకూ తోడు కావాలి

కొత్త అక్వేరియంలో వేసిన వారానికే చేపలు చచ్చిపోయాయనీ, ఫిల్టరు కడిగిన మర్నాటి నుంచే నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయనీ చాలామంది బాధపడుతుంటారు. దిష్టి కాదండీ, చాలాసార్లు అది మన అతి శుభ్రమే!

చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపలకు విషం. ఫిల్టరు స్పాంజిని అంటిపెట్టుకుని బతికే మంచి బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా (ఇదీ విషమే), ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ ఈ బాక్టీరియాను చంపేస్తుంది. అందుకని నీళ్ళు మార్చే రోజున తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని రెండు మూడుసార్లు పిండండి, చాలు. గోధుమరంగు జిగురు కాస్త మిగిలినా ఉండనివ్వండి. సబ్బు, వేడినీళ్ళు వద్దే వద్దు.

కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలు తోడుకోవాలంటే పెరుగు చుక్క వేస్తాం కదా, ఇక్కడా అంతే. తెలిసినవాళ్ళింట్లో చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టె ఉంటే, వాడిన స్పాంజి ముక్క అడగండి. ఆ తొట్టె నీళ్ళలోనే ముంచి, ఆరిపోకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. అయినా మొదట రెండు మూడు చిన్న చేపలే వేయండి. మేత చిటికెడే. పిల్లలు గుప్పెళ్ళతో వేయకుండా డబ్బా పైఅరలో దాచేయాలి మరి!

కరెంటు ఖర్చని రాత్రిళ్ళు ఫిల్టరు ఆపేవాళ్ళున్నారు. నీరు కదలకపోతే ఆక్సిజన్ అందక బాక్టీరియా చచ్చిపోతుంది. చిన్న ఫిల్టరు పెద్దగా కరెంటేం కాల్చదు లెండి.