అన్ని సిగార్లనీ ఒకే గాటన కట్టొద్దు

నా గొడవ సిగార్ కాల్చేవాళ్ళతో కాదు. కాల్చనివాళ్ళతో అసలే కాదు, వాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు. వెయ్యో రెండు వేలో పోసి ఒక్క సిగార్ కొని, దాని తల వైపు కనీసం ఒక్కసారి చూడకుండా, జేబులో ఏ కటర్ ఉంటే దాంతో టక్కున తెగ్గొట్టేసి, ఆ తర్వాత "అబ్బే, ఈ బ్రాండ్ బాలేదు" అని తీర్పులిచ్చేవాళ్ళతో. ఈ బాపతు జనం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో మరీ ఎక్కువ. ఆన్‌సైట్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో ఒక డబ్బా, దాంతోపాటు తళతళలాడే ఒక కటర్. కటర్ ఎంచుకోవడానికి పది రివ్యూలు చూస్తారు. స్టీలు ఏ దేశానిది, బ్లేడుకి ఎన్నేళ్ళ గ్యారంటీ, అన్నీ నోటికొచ్చు. చేతిలో ఉన్న సిగార్ లావా, సన్నమా, కొస మొద్దుగా ఉందా, మొనదేలి ఉందా అంటే మాత్రం "ఏదైతే ఏముంది బాస్" అంటారు.

ఈ మధ్య ఎక్కడ విన్నా ఒకటే మాట. "వి-కట్ ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు." దీనికి ఎదురుగా ఇంకో పార్టీ ఉంది, పంచ్ పార్టీ. తాళాల గుత్తికి తగిలించుకుని మరీ తిరుగుతారు. ఈ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉంటారు గానీ నాకు మాత్రం ఇద్దరిదీ ఒకే జబ్బులా కనిపిస్తుంది. ఎలా కొయ్యాలో చెప్పాల్సింది సిగార్ ఆకారం. కటర్ కాదు.

కొబ్బరిబొండాల బండి దగ్గర ఎప్పుడైనా నిలబడి చూడండి. ఆయన బొండాన్ని చేతిలోకి తీసుకుని ముందు ఒకసారి తిప్పుతాడు. లేతదా, ముదురుదా, పైన పీచు ఎంత మందం, అంతా ఆ ఒక్క తిప్పులో చూసేసుకుని అప్పుడు కత్తి వేస్తాడు. చివరికి నీళ్ళు ఒలక్కుండా స్ట్రా పట్టేంత కన్నం. అన్ని బొండాలకీ ఒకే లోతు వేటు వేస్తే సగం నీళ్ళు రోడ్డు పాలే. ఆయన ఏ రివ్యూలూ చూడలేదు. బొండం చూశాడు, అంతే.

సరే, అసలు విషయానికొద్దాం. సిగార్‌లో నోట్లో పెట్టుకునే వైపు తల, వెలిగించే వైపు పాదం. తల మీద టోపీలాగా చిన్న ఆకు ముక్క చుట్టి, రుచీ వాసనా లేని చెట్టు జిగురుతో అంటిస్తారు. క్యూబా పద్ధతిలో అయితే మూడు వరసలు కనిపిస్తాయి. ర్యాపర్ అనే పై ఆకు విడిపోకుండా పట్టి ఉంచేది ఈ టోపీయే. టోపీ వంపు తిరిగి, సిగార్ తిన్నగా కిందికి దిగడం మొదలయ్యే చోటు భుజం. కోత ఆ భుజం పైనే ఆగాలి. మామూలు తిన్నని సిగార్‌కి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తీస్తే ఎక్కువ. టోపీ అంచు దాటి కిందికి కోశారంటే పట్టి ఉంచేదే పోయింది కదా, ఇక ఆకు మెల్లగా ఊడి రావడం మొదలెడుతుంది. రోబస్టో, టోరో, కరోనా, చర్చిల్ లాంటి తిన్నని సిగార్లన్నిటికీ ఇంతే, పెద్ద కష్టం లేదు. కటర్‌ని బల్ల మీద పడుకోబెట్టి, సిగార్ తలని బల్లకి ఆనేదాకా దాంట్లో దించి, ఒక్క ఊపున మూసేస్తే కటర్ మందమే కొలతబద్దలా పనిచేస్తుంది. టోపీ మరీ ఎండిపోయి ఉంటే కోసేముందు పెదాలతో కాస్త తడి చేస్తే పగలదు. మొద్దుబారిన బ్లేడుతో మాత్రం వద్దు, అది కొయ్యదు, నలుపుతుంది.

అసలు తంటా అంతా తిన్నగా లేనివాటితో, మరీ సన్నవాటితో, మరీ లావువాటితో.

సిగార్ లావుని రింగ్ గేజ్‌తో కొలుస్తారు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలో ఆ అంకె. రోబస్టో 50 అంటే దాదాపు 19.8 మిల్లీమీటర్లు. మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టం కదా, పంచ్ పార్టీ వాళ్ళ కోసం ఒక చిన్న లెక్క. 8 మిల్లీమీటర్ల పంచ్ పెట్టే కన్నం వైశాల్యం 50 చదరపు మిల్లీమీటర్లు. 60 రింగ్ గోర్డో అడ్డుకోత వైశాల్యం సుమారు 445. అంటే తొమ్మిదో వంతు తెరిచి, తొమ్మిది వంతుల పొగని దాంట్లోంచి రమ్మంటున్నారన్నమాట. లోపల ఆకు ఎంత బిగించి చుట్టారన్నది అన్నిటికంటే ముఖ్యం, కాదనను. కాస్త వదులుగా చుట్టిన 50 రింగ్ సిగార్‌కి పంచ్ బాగానే ఉంటుంది, నోట్లోకి పొగాకు నలుసులు రావు, టోపీ చెక్కుచెదరదు. కానీ లావు సిగార్‌కి ఆ ఇరుకు కన్నం పెట్టారో, పొగంతా నాలుక మీద ఒకే చోట పడుతుంది, తారంతా ఆ కన్నం అంచునే పేరుకుంటుంది. సగం కాలేసరికి చేదు. అప్పుడు బ్రాండుని తిడతారు. ఇటు 38 రింగ్ లాన్సెరో తీసుకోండి. దాని అడ్డుకొలతే 15 మిల్లీమీటర్లు. అంత చిన్న గుండ్రటి తల మీద 8 మిల్లీమీటర్ల పంచ్ తిప్పితే టోపీ చీలకుండా ఉంటే మీ అదృష్టం.

ఇక వి-కట్. 50 దాటిన, గుండ్రటి తల ఉన్న సిగార్లకి వి-కట్ చక్కటి కోతే. లోపలి ఆకు ఎక్కువ బయటపడుతుంది, టోపీ ఎక్కువ పోదు. అందుకే రివ్యూలు చేసేవాళ్ళకి నచ్చుతుంది, వాళ్ళు చూపించేదీ ఎక్కువగా ఆ సైజులే. కానీ ఆ కటర్ కట్టుబడి ఒకసారి చూడండి. తల ఆనడానికి గిన్నెలాంటి గుంట ఉంటుంది, బ్లేడు ఎంత లోతు దిగాలో ముందే నిర్ణయమైపోయింది. లావు సిగార్ భుజం గుంట అంచుకి ఆని ఆగుతుంది. సన్నది ఆగదు, లోపలికి జారిపోతుంది. బ్లేడు మాత్రం అదే లోతు. ఫలితం, రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగాల్సిన గాడి టోపీ దాటిపోతుంది. ఇంత చిన్న విషయం కటర్‌ని చేత్తో పట్టుకున్న ఏ ఇంజనీరుకైనా తట్టాలి.

తట్టదు. మా టీమ్‌లో ఒకాయన అయిదు రకాల సిగార్లున్న శాంప్లర్ డబ్బా తెచ్చాడు. ఒక రోబస్టో, ఒక లాన్సెరో, ఒక 60 రింగ్, ఒక టొర్పీడో, ఒక పర్ఫెక్టో. "ఒక్క నిమిషం ఆగండి సార్, ఇవన్నీ ఒకే రకం కావు" అంటున్నా వినకుండా వరసపెట్టి అయిదింటికీ వి-కట్ పెట్టేశాడు. రోబస్టో, 60 రింగ్ బతికిపోయాయి. లాన్సెరో ఆకు విచ్చుకుని విడిపోయింది. టొర్పీడో కొస పక్కకి చీలింది. పర్ఫెక్టోకి అయితే రెండు వైపులా కోశాడు, రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి కదా అని. హన్నా! పర్ఫెక్టోకి కొయ్యాల్సింది తల ఒక్కటే. సన్నగా ముడుచుకున్న పాదాన్ని అలాగే వదిలేసి వెలిగించాలి. ముందు కాసేపు పొగ తక్కువగా వస్తుంది, నిప్పు లావు భాగానికి చేరగానే సర్దుకుంటుంది. ఆ మార్పు కోసమే దాన్ని అలా చుట్టారు. ఆర్టురో ఫ్యుయెంతే వాళ్ళ హెమింగ్‌వే సిగార్లు ఈ ఆకారానికి మంచి ఉదాహరణ. పాదం తెగ్గోస్తే మీరు కొన్నదేంటి, కాల్చిందేంటి?

నన్నడిగితే అన్నిటికంటే అన్యాయం జరుగుతున్నది టొర్పీడోకి. మాంటెక్రిస్టో నంబర్ 2 అందరికీ తెలిసిందే, 156 మిల్లీమీటర్ల పొడవు, 52 రింగ్, పైన శంకువు. తిన్నని సిగార్‌లో కన్నం ఎంత ఉండాలో చాలావరకు దాని లావే నిర్ణయించేస్తుంది. టొర్పీడోలో అది మీ చేతిలో ఉంది. పైన కోస్తే చిన్న కన్నం, కాస్త కింద కోస్తే పెద్దది. తాడిచెట్టు ఎక్కి గెల గీసేవాళ్ళు ఒకేసారి సగం తెగ్గొయ్యరు, రోజూ పలచగా ఒక పొర తీస్తారు. టొర్పీడో కూడా అంతే. ముందు కొసలో మూడు నాలుగు మిల్లీమీటర్లు తియ్యండి. వెలిగించకుండా ఒకసారి లాగి చూడండి. బిగుతుగా ఉందా, ఇంకో పలచని పొర. జాగ్రత్త, ఇక్కడ కొంచెమే చాలా అవుతుంది. కోసిన చోట అడ్డుకొలత 8 మిల్లీమీటర్లుంటే కన్నం 50 చదరపు మిల్లీమీటర్లు, అదే 12 అయితే 113. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి ఎప్పుడూ తక్కువ నుంచే మొదలెట్టాలి. ఇందాక చెప్పిన బల్ల మీది చిట్కా గానీ, అడుగున రేకు ఉండి రెండు మిల్లీమీటర్లకి మించి కొయ్యనివ్వని కటర్లు గానీ ఇక్కడ పనికిరావు, కొస మీద సూది బెజ్జమంత తీసి ఊరుకుంటాయి. పంచ్ అయితే ఆ మొన మీద నిలబడనే నిలబడదు. చూశారా, మిగతా చోట్ల ఎంతో భద్రమైన పద్ధతే ఇక్కడ చేతకానిదైపోయింది.

"చర్చిల్ ఏ కటరూ లేకుండా అగ్గిపుల్లతో పొడిచేవాడు కదా, ఆయనకంటే గొప్పోడివా?" అని ఒకాయన నా మీదకొచ్చాడు. పొడవాటి అగ్గిపుల్లతో పొడిచేవాడనే రాస్తారు. కానీ పొడిస్తే ఆకు బయటికి రాదు బాబూ, లోపలికి కుక్కుకుంటుంది. యుద్ధం గెలిచినంత మాత్రాన కోత కూడా కరెక్టని రూలేం లేదు :)

ఇంకో రకం ఉన్నారు. చేతిలో క్యూబా సిగార్ ఉండగా మన చుట్టని వెక్కిరించేవాళ్ళు. వీళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషువాడి చెరూట్ అనే మాటే తమిళుల చురుట్టు నుంచి వెళ్ళింది, దానికి రెండు కొసలూ కోసే ఉంటాయి, టోపీ గొడవే లేదు. గోదావరి లంకల పొగాకుతో చుట్ట చుట్టుకున్న పెద్దాయన కొస కొరికి తుపుక్కున ఉమ్మేసేవాడు, నిజమే. కానీ ఆ చుట్ట ఆయన చేత్తో ఆయనే చుట్టుకున్నాడు, ఎంత మేర కొరకాలో ఆయన పళ్ళకి తెలుసు. మీ టొర్పీడోని ఎవరో మీ కోసం ఎక్కడో కూర్చుని చుట్టారు. దాని మొన అలా రావడానికి ఆ మనిషికి ఏళ్ళ తరబడి సాధన పట్టింది. ఎక్కడ కొయ్యాలో టోపీ మీద గీత గీసినట్టు చెప్పి మరీ పంపారు. అది చదవడం రానివాళ్ళు చుట్ట తాగే ముసలాయన్ని మోటువాడంటారా?

ఇటలీ వాళ్ళ టోస్కానో చూడండి, మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం. దాన్ని చాలామంది సరిగ్గా నడుం దగ్గర రెండు ముక్కలు చేసి ఒక్కో సగం కాలుస్తారు. కొసలో కొయ్యాలనే రూలు కూడా దానికి వర్తించదు. ఆకారం మారితే కోత మారుతుంది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అన్నట్టు, "పంచ్ పెడితే తారు తక్కువొస్తుంది" అనీ, "సిగార్ పొగ మింగం కాబట్టి ఏం కాదు" అనీ చెప్పేవాళ్ళుంటారు. రెండూ అబద్ధాలే. మింగకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక కేన్సర్లు వస్తాయి. మన ఉత్తరాంధ్రలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి కేన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. ఏ కోతా దాన్ని తగ్గించదు. నేను మాట్లాడేది రుచి గురించీ, డబ్బు గురించీ, ఒకరి పనితనం గురించీ. ఆరోగ్యం పేరు చెప్పి కటర్లు అమ్మొద్దు.

"అయితే మూడు కటర్లు మోసుకు తిరగాలా?" అంటారు. అక్కర్లేదు. ఒక్కటే ఉండాలంటే రెండు బ్లేడ్ల మామూలు గిలటిన్ తీసుకోండి. లాన్సెరోకి ఒకటిన్నర మిల్లీమీటర్లు, టొర్పీడోకి పొర తర్వాత పొర, పర్ఫెక్టోకి తల మాత్రమే. అన్నీ దాంతోనే కుదురుతాయి, ఎందుకంటే లోతు అది నిర్ణయించదు, మీ చెయ్యి నిర్ణయిస్తుంది. వి-కట్, పంచ్ ఆ తర్వాత సరదాకి. ఖరీదు కంటే పదును చూడండి. కొనేముందు దాని నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా చూసుకోండి. 54 రింగ్ దగ్గరే ఆగిపోయేవి బజార్లో బోలెడున్నాయి, మీరు డబ్బాలో తెచ్చుకున్నదేమో 60.